హాబీల కాలమ్‌లోకి వచ్చిన బర్రె

హాబీ అనే మాట మా ఇంట్లకు మొట్టమొదలు తెచ్చింది నేనే. తెచ్చిన రోజు మా అమ్మ అది ఏదో రోగం పేరనుకున్నది.

అప్పటికి నేను లా పాసై సంగారెడ్డి కోర్టుల ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గ చేస్తున్న. జూనియర్ అంటే పెద్ద ముచ్చటేం కాదు. పొద్దుగాల లక్డారంల ఆటో ఎక్కి పటాన్‌చెరు, ఆడ బస్సు ఎక్కి సంగారెడ్డి. సార్ ఫైళ్ళు సంకల పెట్టుకొని తిరగాలె. కేసు పిలిచే యాళ్ళకు సార్ ఇంకో కోర్టుల ఉంటే, జడ్జి ముందట నిలబడి "సార్ వస్తున్నరు, జెరసేపు పక్కకు పెట్టుండ్రి" అని బతిమాలాలె. సార్ వచ్చినంక ఆయన ఎనుక నిలబడాలె. ఆయన వాదించుకుంట ఏదన్న తేదీ మరిచిపోతే మెల్లగ చెప్పాలె. నల్లకోటు మాత్రం ఎండాకాలం గూడ విడిచేది లేకుండె.

సార్ మంచోడు. ఒకరోజు కోర్టు బయట చాయ్ తాగుకుంట పేపర్ ముక్క ఒకటి నా ముందట పెట్టిండు.

"హైదరాబాద్‌ల పెద్ద ఆఫీసట. కంపెనీల కేసులు చూస్తరట. జూనియర్లు కావాల్నట. అర్జీ పెట్టు బిడ్డా. నా దగ్గరుంటే నీకు వాయిదాలు దొరుకుతయి గాని జీతం దొరకదు."

సరే అని పోస్టుల ఫారం తెప్పించుకున్న. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ పరీక్షల ఎన్ని మార్కులు, అన్నీ ఒక్కొక్క గీతల పట్టేటియే. ఆఖరుకు మాత్రం కాగితంల పావు వంతు ఖాళీ ఇడిసి, మీద "హాబీలు, చదువు కాక మీరు చేసిన ఇతర పనులు" అని ఇంగ్లీషుల రాసి ఉన్నది. నేను ఇన్నేండ్లు కష్టపడి చదివిన చదువుకు ఒక్క గీత, చదవకుండ చేసిన దానికి పావు కాగితం. ఇదేం లెక్కనో నాకు సమజ్ కాలె.

రాత్రి అన్నం తినుకుంట ఇంట్ల అడిగిన. మా నాయిన గడ్డపోతారంల మందుల కంపెనీల బాయిలర్ కాడ పని చేస్తుండె. అన్న గూడ అదే కంపెనీల ప్యాకింగ్ సెక్షన్. అమ్మ పొలం చూసుకునేది.

"హాబీ అంటే ఏందే? మంచిగవుతదా అది?" అన్నది అమ్మ.

"రోగం కాదమ్మా. పని లేనప్పుడు ఇష్టంగ చేసుకునేది."

"పని లేనిదెప్పుడే?"

నాయిన నవ్విండు. "నాదైతే నిద్ర. నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకుంటే గంత ఇష్టంగ ఇంకోటి చెయ్య నేను. నా పేరు మీద నువ్వే రాసుకో."

"ఉత్తగ పండుకునుడు గాదు, గురక గూడ రాయి. అది చదువు కాక చేసే ఇతర పని," అన్నది అమ్మ.

తెల్లారి ఆదివారం కాదు గాని, కోర్టుకు సెలవు. అన్న మోపెడ్ మీద నన్ను పటాన్‌చెరు తీసుకపోయిండు. ఆడ మెయిన్ రోడ్డు మీద ఒక టైపింగ్ సెంటర్ ఉండె. జిరాక్స్, లామినేషన్, బయోడేటా అన్నీ ఆడ్నే. కంప్యూటర్ ముందట కూసున్నాయన ఆ ఫారం చూసుకుంట నా పేరు, చదువు అన్నీ టకటక కొట్టిండు. హాబీల కాడికి వచ్చినంక నేను నోరు తెరవకముందుకే నాలుగు గీతలు పడ్డయి. పుస్తకాలు చదువుడు, పాటలు వినుడు, స్టాంపులు జమ చేసుడు, ఈత.

"నేను చెప్పనేలేదు గదా అన్నా," అన్న నేను.

"హాబీలు ఎవ్వరు చెప్పరు మేడం. నా దగ్గర తయారున్నయి. కెమిస్టు ఉద్యోగానికైనా, సూపర్‌వైజర్ ఉద్యోగానికైనా ఇవే పెడుత. ఇప్పటిదాంక ఎవ్వరు ఏమనలే."

అంటే పటాన్‌చెరు నుంచి గడ్డపోతారం దాంక కంపెనీలల్ల పని చేసేటోళ్ళందరు స్టాంపులు జమ చేసుకుంట ఈత కొడుతున్నరన్నట్టు. కంపెనీల మందునీళ్ళు కలిసిన మా చెరువుల కాళ్ళు పెట్టెతందుకే మా ఊరోళ్ళు భయపడుతుండ్రి, ఇగ ఈత ఎక్కడిది?

మా అన్న నా భుజం మీదికెళ్ళి తొంగి చూసిండు. "స్టాంపులా? ఎన్నడు జమ చేసినవే చెల్లె? ఒక్కటి చూపెట్టు."

"కోర్టు ఫీజు స్టాంపులు మస్తున్నయి సార్ బీరువల," అన్న.

టైపింగాయన కుర్చీల వెనుకకు ఒరిగి మరీ నవ్విండు. అన్న నవ్వలేదు. ఆయనకు నా మీద పాత కోపం ఒకటుండె. అది అప్పుడు బయటికొచ్చింది.

"ఇవన్నీ ఎందుకు? ఆదివారం ఆదివారం డ్రమ్మెక్కి మా పానం తీస్తవ్ గదా, అది రాయి."

ఎగతాళికే అన్నడు. కని నాకు ఆ మాట పట్టుకున్నది. ఔను గదా, నేను ఇష్టంగ చేసేది, జీతం లేకుండ చేసేది, వద్దంటే గూడ చేసేది అదొక్కటే. "నాలుగూ తీసెయ్యన్నా. వాలీబాల్ రెఫ్రీ అని కొట్టు," అన్న.

"ఆడోళ్ళ వాలీబాలా?"

"కాదు. మొగోళ్ళదే."

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి మా అన్నను చూసి, అట్లనే కొట్టిండు.

ఆ డ్రమ్ము సంగతి చెప్పాలె. మా ఇంటి ఎనుక ఒక పడావు భూమి ఉండె. ఎవ్వరు దున్నకపోతుండ్రి. ఆదివారం సాయంత్రం ఆడ వాలీబాల్ ఆడుతుండ్రి. ఒక దిక్కు మా ఊరి పోరగాళ్ళు, ఇంకో దిక్కు ఊర్ల కిరాయికి ఉండి కంపెనీలల్ల పని చేసే ఒడిశా, బిహార్ పిలగాళ్ళు. సున్నం పోసి గీతలు గీసేది. గాలికి సగం గీత కొట్టుకపోతే, ఆ పోయిన సగం కాడ్నే బంతి పడేది. ఇగ లొల్లి మొదలు. లోపట పడ్డదని వాళ్ళు, బయట పడ్డదని వీళ్ళు. వాళ్ళు హిందీల తిడితే వీళ్ళు తెలుగుల తిట్టేది. ఒకళ్ళ తిట్లు ఒకళ్ళకు అర్థం కాకపోబట్టి తలకాయలు పగలలేదు గాని, ఆట మాత్రం ఏనాడు పూర్తి కాకపోయేది.

లా చదివేటప్పుడు నేను సాయంత్రాలు మా డాబ మీద కూసొని సాక్ష్యం చట్టం బట్టీ పట్టేది. ఒక ఆదివారం గిట్లనే కింద లొల్లి అయితున్నది. మా అన్న తలకాయ పైకెత్తి, "చెల్లే, మీదికెళ్ళి చూసినవ్ గదా, చెప్పు! లోపటనా బయటనా?" అని అరిచిండు. తన చెల్లెనైన నేను తన దిక్కే చెప్పుతనని ఆయన ధీమా.

నేను చూసిన. బంతి లోపట పడ్డది. మా ఊరోళ్ళ కోర్టుల, గీతకు జానెడు లోపట.

"లోపట," అన్న.

కిరాయి పిలగాళ్ళు ఎగిరి దుంకిన్రు. మా అన్న ఆ రాత్రి నాతోని మాట్లాడలేదు. అన్నం గిన్నె గూడ అమ్మతోని అడిగించుకున్నడు. కని మరుసటి ఆదివారం వాళ్ళ కెప్టెన్, ఒక సన్నటి ఒడియా పిలగాడు, మా గోడ కాడికి వచ్చి, "దీదీ, ఆప్ బైఠేంగీ తో హమ్ ఖేలేంగే" అన్నడు. నువ్వు కూసుంటెనే ఆడుతమని. మా ఊరోళ్ళు జెరసేపు గునిగి, "సరే, మా పిల్లే గదా, ఎన్నిసార్లు మాకు ఎదురు చెప్పుతది" అని ఒప్పుకున్నరు.

మస్తుసార్లు చెప్పిన.

డాబ మీదికెళ్ళి అవుతలి కొస గీత కనపడకపోయేది. అందుకని ఎవరో కంపెనీ నీలం డ్రమ్ము ఒకటి తెచ్చి బోర్లేసిన్రు. దాని మీద నిలబడి, మెడల సీటీ ఏసుకొని, నేను ఆదివారాలు తీర్పులు చెప్పేది. వాలీబాల్ రూల్స్ పుస్తకం పటాన్‌చెరుల దొరకకపోతే, ఒక పీఈటీ సార్‌ను అడిగి నేర్చుకున్న. ఇగ మా అమ్మ పరేషాన్ వేరే. "పెండ్లి కావాల్సిన పిల్ల డ్రమ్మెక్కి మొగోళ్ళ ముందట సీటీ కొడుతది. ఎవడు చేసుకుంటడే నిన్ను?" అని మొత్తుకునేది. కని ఆదివారం నాలుగు కాంగనే, చాట ముందటేసుకొని బియ్యం ఏరుకుంట పిట్టగోడ కాడ కూసునేది ఆమెనే. పాయింట్లు నాకంటె ముందు ఆమె చెప్పేది.

అర్జీ పోయిన కొన్నాళ్ళకు హైదరాబాద్ ఆఫీసుల నుంచి ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకొని పోయిన. ఆ ఆఫీసు ఒక పాత బంగళ. లోపటికి పోంగనే ఏసీ చల్లదనానికి నాకు ఒళ్ళు జలదరించింది. బయట బెంచీ మీద నా తీరుగ పది మంది దాంక కూసున్నరు. అందరు ఇంగ్లీషుల మెల్లగ మాట్లాడుకుంటున్నరు. మా కోర్టుల ఎవ్వరు గంత మెల్లగ మాట్లాడంగ నేను చూడలే.

లోపట ముగ్గురున్నరు. నడుమ నెరిసిన జుట్టుతోని పెద్ద సార్, ఆఫీసు ఆయనదే. ఆయనకు ఒక దిక్కు కండ్లద్దాలు పెట్టుకున్న వకీలమ్మ. ఇంకో దిక్కు టై కట్టుకున్న కుర్ర వకీలు. మొదలు కంపెనీల చట్టం మీద అడిగిన్రు. డైరెక్టర్లకు ఏ అధికారాలుంటయని కుర్ర వకీలు అడిగితే, నేను చదివింది చెప్పబోయిన. ఇంగ్లీషు నా నోట్లె ఎడ్లబండి తీరుగ కదిలింది. రెండు మాటలు చెప్పి ఆగితే, మూడో మాటకు ఇంకోటి అడిగిన్రు. నా పని అయిపోయిందని నాకు ఆడ్నే ఎరుకైంది.

అప్పుడు పెద్ద సార్ నా ఫారం చివరికి వచ్చి ఆగిండు. తెలుగులకు దిగిండు.

"వాలీబాల్ రెఫరీ అని రాశారు. మీరు ఆడతారా?"

"లేదు సార్. నాకు రాదు. నేను ఒక్కసారి గూడ బంతి ముట్టలే."

"ఆడడం రాకుండా తీర్పులు చెబుతారా?"

"జడ్జిలు దొంగతనం చేసి తీర్పులు చెప్తరా సార్?"

నోరు జారింది. వకీలమ్మ ఫక్కున నవ్వింది. పెద్ద సార్ గూడ నవ్వి, ఫారం కింద పెట్టి, కుర్చీల వెనుకకు జరిగిండు. "సరే. అన్నిటికంటే కష్టమైన తీర్పు ఏది చెప్పారు?"

నేను బర్రె ముచ్చట చెప్పిన.

ఒక ఆదివారం రెండు దిక్కులా సమానంగ ఉన్నది ఆట. కిరాయి పిలగాళ్ళు కొట్టిన బంతి మా ఊరోళ్ళ కోర్టు దాటి బయట పడేటట్టే పోతున్నది. గంతల్నే ఒక బర్రె మేసుకుంట మేసుకుంట వచ్చి గీత మీద నిలబడ్డది. ముందటి కాళ్ళు లోపట, ఎనుక కాళ్ళు బయట. బంతి దాని వీపుకు తాకి, ఎనుకకు దుంకి, గీత లోపట పడ్డది. బర్రె తల గూడ ఎత్తలే. బయట పోయే బంతి గదా, మాకే పాయింటని మా ఊరోళ్ళు. లోపట పడ్డది గదా, మాదే పాయింటని వాళ్ళు. నేను సీటీ నోట్ల పెట్టుకొని ఆలోచిస్తుంటే, వాళ్ళ కెప్టెన్ ఇంకో మాట తీసిండు. ఆ బర్రె ఊరోళ్ళ టీముల ఆడే ఒక పిలగాని ఇంటిది. కాబట్టి బర్రె ఊరోళ్ళ మనిషే. వాళ్ళ మనిషికి తాకి కింద పడ్డది కాబట్టి పాయింటు మాది. ఆ బర్రె పిలగాడు ఉరికొచ్చి, "మా బర్రె పేరు టీముల ఉన్నదా? అది పొద్దుగాల సంది ఈడ్నే మేస్తున్నది, మీరే దాని జాగకు వచ్చిన్రు!" అని లొల్లి పెట్టిండు.

"మీరేం తేల్చారు?" అన్నడు పెద్ద సార్.

"మళ్ళ ఆడుండ్రి అన్న సార్. బర్రెకు ఆట సంగతి ఎరుకలేదు. ఎరుకలేనిదానికి ఏ పార్టీ అంటగట్టొద్దు."

"తప్పు," అన్నడు కుర్ర వకీలు. "పశువును కట్టెయ్యకుండా వదిలింది యజమాని. నిర్లక్ష్యం అతనిది. నష్టం కూడా అతని టీమే భరించాలి."

"అది బీడు భూమి. మేత భూమిలో పశువు మేస్తే నిర్లక్ష్యం ఎలా అవుతుంది?" అన్నది వకీలమ్మ. "బర్రె హక్కు ముందుది. ఆట తర్వాత వచ్చింది."

"అలాగైతే గీత గీసినప్పుడు యజమాని అక్కడే ఉన్నాడు కదా. అభ్యంతరం చెప్పలేదు. పైగా ఆడుతున్నాడు."

"యజమాని అతని నాన్న. అతను కాదు."

"ఆగండి," అని పెద్ద సార్ బల్ల మీద చెయ్యి కొట్టిండు. "అసలు విషయం మీరిద్దరూ అడగలేదు. బంతి తాకినప్పుడు బర్రె నిలబడి ఉందా, నడుస్తోందా?"

ముగ్గురు నా దిక్కు చూసిన్రు. నిలబడి మేస్తున్నది సార్, అన్న. ఇగ ముగ్గురు మళ్ళ మొదలువెట్టిన్రు. చాయ్ తెచ్చినాయన తలుపు కాడ్నే ఆగి విన్నడు. నేను బయటికొచ్చేసరికి బెంచీ మీదున్నోళ్ళు నా దిక్కు కోపంగ చూస్తున్నరు. లోపట గంత నవ్వులు వినపడ్డయి గదా, నౌకరి నాకే వచ్చిందనుకున్నరు. నేను గూడ అట్లనే అనుకున్న. బస్సుల కిటికీ పక్కన కూసొని జీతంతోని ముందుగాల ఏం కొనాల్నో గూడ అనుకుంట వచ్చిన.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఈసారికి తీసుకోలేకపోతున్నమని. మంచి కాగితం, మంచి ఇంగ్లీషు.

"వకీలు నౌకరికి పోయి బర్రె ముచ్చట ఎవలన్న చెప్తరానే?" అన్నది అమ్మ. "పోయినోళ్ళు పోయినట్టు చట్టం చెప్పి రావాలె గాని!"

నాయిన నా తల మీద చెయ్యి పెట్టి షిఫ్టుకు పోయిండు. రెండు రోజులు నాకు ఎవ్వరితోని మాట్లాడబుద్ధి కాలె. మూడో రోజు ఆదివారం. డ్రమ్మెక్కను అన్న. బయట రెండు దిక్కులోళ్ళు గోడ కాడ నిలబడి, ఒకళ్ళు తెలుగుల, ఒకళ్ళు హిందీల పిలుస్తుంటే ఎంతసేపని దాక్కుంట? పోయి ఎక్కిన. సీటీ ఊదంగనే జెర పానం కుదుటపడ్డది.

మల్ల వానలు పడి ఆగినంక ఒకరోజు, మా ఇంటి పక్కన కిరాణం దుకాణంకు ఫోన్ వచ్చింది. అప్పుడు మా అందరికి ఆ ఫోన్ నంబరే దిక్కు. దుకాణమామె గల్లీ అంత వినపడేటట్టు, "హైదరాబాద్ నుంచి! జల్దీ రా!" అని పిలిచింది. చెప్పులు లేకుండ ఉరికిన. కండ్లద్దాల వకీలమ్మ గొంతు.

"గుర్తున్నానా అమ్మా? మా ఆఫీసుకీ ఇంకో వకీళ్ళ ఆఫీసుకీ ఏటా వాలీబాల్ ఉంటుంది. పోయినసారి మా గుమాస్తానే రెఫరీగా పెట్టాం. ఇప్పటికీ ఆ గొడవ చల్లారలేదు. ఈసారి బయటివాళ్ళు కావాలి. మా సారే మీ పేరు చెప్పారు. వస్తారా?"

నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలె. "మేడం, నౌకరికి పనికి రానిదాన్ని సీటీకి పనికొస్తనా?" అని అడిగేసిన.

"నిజం చెప్పనా? బర్రె గురించి అరగంట చెప్పావు. కంపెనీ చట్టం గురించి మూడు నిమిషాలు చెప్పావు. మాది కంపెనీల ఆఫీసు. నేను నీకే చెయ్యెత్తాను, కానీ నాదొక్కటే." ఆమె 'మీరు' విడిచి 'నువ్వు'లకు వచ్చింది. అది నాకు నచ్చింది. ఉత్తరంల రాసిన ఇంగ్లీషు కంటె ఈ మాట నయమనిపించింది.

ఇంట్ల చెప్పితే నాయినకు కోపమొచ్చింది. "పనికి వద్దన్నోళ్ళకు నీ సీటీ ఎందుకు?" అన్నడు. అమ్మ మాత్రం, "అన్నం పెడుతరటనా?" అని అడిగింది. పెడుతరట అన్న. "అయితే పో. అన్నను తోలుకపో," అన్నది.

అన్న వచ్చిండు. హైదరాబాద్ క్లబ్బు మైదానంల కాలు పెట్టంగనే ఇద్దరం నోరెళ్ళబెట్టినం. గట్టి గీతలు, బిగిసిన నెట్టు, రెఫ్రీ కోసం నిచ్చెన కుర్చీ. కుర్చీ మీద గొడుగు. చుట్టుముట్టు గడ్డి కత్తిరించినట్టు ఉన్నది. "ఒక్క బర్రె లేదు. ఇగ నీకు పనేమున్నది?" అని నా చెవుల ఊదిండు అన్న.

పని ఉండె. కోర్టుల నల్లకోట్లల్ల గంభీరంగ తిరిగేటోళ్ళు నిక్కర్లేసుకొని వస్తే మా ఊరి పోరగాళ్ళ కంటె అన్యాయం. మా వాళ్ళు పాయింటు పోతే తిడుతరు, అయిపోతది. వీళ్ళు వాదిస్తరు. నేను సీటీ కొట్టంగనే ఒకాయన వచ్చి, జెరసేపటి కింద ఇట్లనే పడ్డప్పుడు లోపట అన్నవ్ గదా, ఇప్పుడెట్ల బయట అంటవ్ అని పాత తీర్పు తీసేది. ఇంకొకాయన ఆ తీర్పు దీనికి వర్తించదనేది. డ్రమ్ము మీద నేను నేర్చుకున్న విద్య ఒకటే. ఎవ్వరు వాదించినా ఎదురు వాదించొద్దు. వాళ్ళు అలిసేదాంక ఆకాశం దిక్కు చూడాలె. ఆగినంక చెయ్యి అటో ఇటో చూపెట్టాలె. వకీళ్ళకు ఇది కొత్త. ఎదురు వాదించకపోతే వాళ్ళకు ఊపిరాడలే.

ఆట ఆఖరుకొచ్చింది. పెద్ద సార్ సర్వీస్. ఒక్క పాయింటు పోతే వాళ్ళు ఓడుతరు. ఆయన బంతి పైకెగిరేసి, ఒక అడుగు ముందుకేసి కొట్టిండు. మంచి దెబ్బ. బంతి పోయి అవుతలోళ్ళ కోర్టుల ఎవ్వరు లేని కాడ పడ్డది. వాళ్ళ ఆఫీసోళ్ళందరు చప్పట్లు కొట్టిన్రు. నేను సీటీ కొట్టిన.

"గీత తొక్కిన్రు సార్."

పెద్ద సార్ నడుచుకుంట నా కుర్చీ కిందికి వచ్చి నిలబడ్డడు. నేను కూసున్నది ఎత్తుల, ఆయన తల ఎత్తి మాట్లాడాల్సి వచ్చింది. తొక్కలేదన్నడు. బూటు కొస గాలిల ఉన్నదన్నడు. అనుమానం ఉంటే దాని లాభం ఆడేటోనికి పోవాలన్నడు. ఇంగ్లీషుల, తెలుగుల, మళ్ళ ఇంగ్లీషుల చెప్పిండు. ఈయన ఆఫీసులనే గదా నేను నౌకరి అడిగింది, రేపు మళ్ళ అడగాల్సి వస్తదేమొ. అన్న దిక్కు చూసిన. అన్న కండ్లు మూసుకున్నడు. ఇగ ఆకాశం దిక్కు చూసిన. ఒక గద్ద తిరుగుతున్నది. అది రెండు చుట్లు తిరిగేసరికి సార్ ఆగిండు.

"అనుమానం లేదు సార్," అని, చెయ్యి అటు దిక్కు చూపెట్టిన.

అవుతలోళ్ళు గెలిచిన్రు. 

భోజనాల కాడ నేను, అన్న ఒక మూలకు నిలబడి బిర్యానీ తింటున్నం. పెద్ద సార్ ప్లేటు పట్టుకొని మా దిక్కే వస్తుంటే అన్న మెల్లగ నా ఎనుకకు జరిగిండు.

"నిజం చెప్పమ్మా. నిజంగానే తొక్కానా?"

"తొక్కిన్రు సార్."

ఆయన నిట్టూర్చిండు. "మా ఆవిడ కూడా అదే అంటోంది. ఆవిడ మా టీమ్ వైపే కూర్చుంది." బిర్యానీల బొక్క ఒకటి పక్కకు పెట్టి, "నువ్వు మా ఆఫీసులో చేరకపోవడమే మంచిదైంది. రోజూ నీతో ఎవరు పడతారు?" అని నవ్వుకుంట పోయిండు.

ఆయన పోంగనే ఇంకొకాయన వచ్చిండు. గెలిచిన ఆఫీసాయన. లావుపాటి మనిషి, చెమటకు బనీను మొత్తం తడిసింది, ఊపిరి ఇంకా అందుతలేదు. ఎక్కడ ప్రాక్టీసు, ఎవరి దగ్గర అని అడిగిండు. చెప్పిన. ఊరెక్కడ అన్నడు. లక్డారం అన్న.

"పటాన్‌చెరు లక్డారమా?" ఆయన ప్లేటు కింద పెట్టిండు. "నావి మొత్తం ఆ పక్క కేసులేనమ్మా. కంపెనీల్లో చెయ్యి తెగినవాళ్ళు, పని పోయినవాళ్ళు. ఒడిశావాళ్ళొస్తారు, బిహార్‌వాళ్ళొస్తారు. వాళ్ళ మాట మా కుర్రాళ్ళకు అర్థం కాదు. కంపెనీ మేనేజర్ వచ్చి గట్టిగా అరిస్తే మా కుర్రాళ్ళు కూర్చుండిపోతారు. నువ్వు కూర్చోవనుకుంటా. హిందీ వచ్చా?"

"తిట్లతోని సహా వచ్చు సార్."

"అయితే అర్జీ రాసి పంపు."

అర్జీ అనంగనే నాకు ఆ పావు కాగితం యాదికొచ్చింది. "సార్, మీ ఫారంల గూడ హాబీల కాలమ్ ఉంటదా?"

ఆయన పెద్దగ నవ్విండు. "మా ఆఫీసులో కాలమే లేదమ్మా, ఇంక హాబీల కాలమెక్కడిది!"

ఇంటికి పోతుంటే బస్సుల అన్న, "గా పెద్ద సార్ నిజంగ తొక్కిండా?" అని అడిగిండు. నువ్వు చూడలేదా అన్న. "నేను చూసిన. తొక్కిండు. కని నేనైతే చెప్పకపోతుంటి," అన్నడు. కిటికీ దిక్కు తిరిగి, "ఆనాడు మా కోర్టుల బంతి గూడ లోపట్నే పడ్డది తియ్యి," అన్నడు. అది ఎన్నేండ్ల కిందటి బంతో మా ఇద్దరికి ఎరుకే. నేను మళ్ళ అడగలే. ఆయన ఆ మాట రెండోసారి చెప్పే మనిషి కాదు.

ఆ నెలల్నే నేను ఆ లావుపాటి సార్ ఆఫీసుల చేరిన. సంగారెడ్డి సార్‌కు చెప్పితే, ఆయన తన పాత చట్టం పుస్తకాల్లకెళ్ళి కార్మికులయి మూడు తీసి ఇచ్చిండు. కొత్త ఆఫీసు టైర్ల దుకాణం మీద రెండు గదులు. ఏసీ లేదు. ముందు గదిల బెంచీల నిండ గడ్డపోతారం, పాశమైలారం దిక్కునుంచి వచ్చినోళ్ళు. కొందరి చేతులకు పట్టీలుండేటివి. వాళ్ళ మాటలు రాసుకునుడు నా పని. మొదటి వారంల ఒక బిహారీ పెద్దమనిషి తన కంపెనీ మేనేజర్ ముందట భయంతోని నోరు మెదపకపోతే, నేను ఆయన పక్కన కుర్చేసుకొని కూసున్న. మేనేజర్ ఎంత అరిచినా పై కప్పు దిక్కే చూసిన. ఆయన అలిసి ఆగినంక, "ఇగ నువ్వు చెప్పు చాచా" అన్న. పెద్దమనిషి చెప్పిండు. మొత్తం చెప్పిండు.

ఆ ఆఫీసుల హాబీలు లేవని సార్ చెప్పింది మాత్రం పచ్చి అబద్ధం. చేరిన మూడో రోజు పగటి అన్నం తిన్నంక తెలిసింది. సార్ పాడుతడు. కుర్చీల వెనుకకు ఒరిగి, కండ్లు మూసుకొని, చెయ్యితోని బల్ల మీద తాళమేసుకుంట, శాస్త్రీయ సంగీతం. గొంతు ఒక దిక్కు, తాళం ఇంకో దిక్కు పోతుండె. గుమాస్తాలు ఫైళ్ళల్ల తలకాయలు పెట్టి కూసునేది. ముందు గదిల కొత్తగ వచ్చినోళ్ళు, లోపట ఎవరికో చెయ్యి ఇరిగిందనుకొని లేచి నిలబడేది.

పాట అయినంక సార్ కండ్లు తెరిచి నన్ను అడిగిండు. "రెఫరీ గారూ, ఎలా ఉంది?"

గుమాస్తాలు నా దిక్కు చేతులతోని వద్దు వద్దని సైగ చేస్తున్నరు.

"బయట పడ్డది సార్," అన్న.

ఆయన లేచి నీళ్ళు తాగిండు. గొంతు సవరించుకున్నడు. మళ్ళ కుర్చీల కూసొని, కండ్లు మూసుకొని, "అయితే సర్వీస్ మళ్ళీ నాదే," అని మొదటికెళ్ళి అందుకున్నడు.